ఫోనులో పాత నాణేల వేలం: అపోహలు - వాస్తవాలు

ముప్ఫై ఏళ్లుగా విశాఖలో పాత నాణేలు సేకరిస్తున్నాను. ఒకప్పుడు కురుపాం మార్కెట్‌లో వెండి దుకాణాల చుట్టూ తిరిగేవాళ్లం. కరిగించడానికి వచ్చిన రూపాయల్లో మంచిది కనబడితే అరుగు మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరం చేతిలోకి తీసుకుని చూసేవాళ్లం. ఇప్పుడు ఆ వేట ఫోనులోకి మారింది.

అపోహ: ఆన్‌లైన్ వేలం ఉండగా తోటి సేకర్తలతో పనేముంది?

వాస్తవం: మునుపటికంటే ఎక్కువ పని ఉంది. ఆరో జార్జి బొమ్మతో 1939లో వచ్చిన రూపాయి అరుదు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువ. నాకు తేడా నేర్పిన పెద్దాయన అసలు రూపాయిని చూపుడువేలి కొన మీద నిలిపి, మరో నాణెంతో అంచును మెల్లగా తట్టారు. ఖణేల్‌మని మోగి, ఆ మోత కాసేపు సాగింది. పోత పోసిన నకిలీని తడితే టక్కుమని ఆగిపోయింది. దాని అంచు గీతల మధ్య సన్నని అతుకు కూడా చూపించారు. ఫోటోలో ఆ మోత వినబడదు, అంచు కనబడదు. కొన్న నాణేన్ని దయచేసి ఒక అనుభవజ్ఞుడి చేతిలో పెట్టండి.

అపోహ: ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు వస్తాయి.

వాస్తవం: రావు. పాత నోట్లు, నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి, కమీషను, పన్ను అంటూ డబ్బు గుంజే వారి గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

అపోహ: పాత రోజుల్లో అందరం ఒక కుటుంబంలా ఉండేవాళ్లం, వేలం వచ్చి చెడగొట్టింది.

వాస్తవం: ఆ అరుగు మీద ఆడవాళ్లు ఒక్కరూ ఉండేవారు కాదు. ధర తెలిసిన నలుగురు తెలియనివారికి చెప్పేవారు కాదు. ఇప్పుడు పాడేరులో ఉన్న అమ్మాయికి కూడా ముంబయిలో ఏది ఎంతకు పోయిందో తెలుస్తోంది. ఇది నాకు నిజంగా సంతోషం.

అపోహ: పాట ఆగిన ధరే నాణెం విలువ.

వాస్తవం: ఇద్దరు పట్టుదలకు పోతే చాలు, ధర కొండెక్కుతుంది. ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండులో కొట్టించిన రాగి నాణెం ఒకటి, 1797 నాటిది, రూపాయికి 48 చొప్పున చెల్లినది, వేలానికి వచ్చింది. మన ప్రాంతపు నాణెం కదా అని వదలకుండా పాడాను. ఎదుటివారూ వదల్లేదు. పేర్లు కనిపించవు. చివరి నిమిషంలో ఓడిపోయాను. నెల తర్వాత పాత మిత్రుడి ఇంటికి వెళితే అదే నాణెం బల్ల మీద ఉంది. ఒకరికొకరం తెలియకుండా ధరను రెట్టింపు చేశాం. అరుగు రోజుల్లో అయితే "ఇది నీకు, వచ్చేది నాకు" అనుకుని లేచేవాళ్లం.

ఇద్దరికీ బాధ కలిగింది. ఇప్పటికీ అది చూడాలనిపిస్తే వెళ్తాను. ఆయన టీ కంటే ముందు భూతద్దం తెస్తారు.