సముద్రం లేని ఊళ్లో సముద్రం లెక్కలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పెళ్లిళ్లలో నాకు తప్పని ప్రశ్న ఒకటుంది. "ఏరా, హైదరాబాద్‌లో సముద్రమే లేదు కదా, నీది సముద్రం ఉద్యోగం ఏంట్రా?" అని మావయ్యల్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఇంకెవరో హుస్సేన్‌సాగర్ పేరెత్తుతారు. పంక్తి మొత్తం నవ్వుతుంది. ఇన్నేళ్లుగా అదే జోక్, కానీ ప్రతిసారీ బాగానే పేలుతుంది.

నా పని వినడానికి పెద్దగా ఏమీ ఉండదు. సముద్రం నుంచి వచ్చే కొలతల్లో రాళ్లు ఏరడం. ఈ వేడి నిజంగా నీటి వేడేనా, లేక యంత్రం చెడిపోయి చూపిస్తున్న అంకెనా? ఉప్పదనం ఒక్కసారిగా తగ్గిందంటే వాన పడిందా, సెన్సార్‌కి నాచు పట్టిందా? రోజూ ఇదే. ఈ పనిలో ఉన్నందుకు ఇంట్లో, ఊళ్లో, రేవు దగ్గర విన్న మాటలు చాలా ఉన్నాయి. కొన్నింటికి జవాబులు ఇవి.

అపోహ: సముద్రం పని సముద్రం ఒడ్డునే జరగాలి

మావయ్యకి చెప్పే జవాబు ఇదే: ఇక్కడికి సముద్రం రాదు, దాని లెక్కలు వస్తాయి. అవి శాటిలైట్ మీదుగా వస్తాయి కాబట్టి కాకినాడలో కూర్చున్నా, హైదరాబాద్ ప్రగతినగర్‌లో కూర్చున్నా ఒకటే. జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, మనం ఇన్‌కాయిస్ అనేది, 1999 నుంచి ఇక్కడే ఉంది. 2004 సునామీ తర్వాత హెచ్చరిక కేంద్రాన్ని కూడా 2007లో అక్కడే పెట్టారు. ఉప్పెన వచ్చినప్పుడు హెచ్చరించాల్సిన ఆఫీసే మునిగే చోట ఉండకపోవడం మంచిదే కదా.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. ఆ కేంద్రం మన ఒక్కరి కోసం పనిచేయదు. 2011 నుంచి హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు సునామీ సమాచారం ఇచ్చే బాధ్యత మూడు దేశాలది: భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా. సుమత్రా దగ్గర భూమి కంపిస్తే హైదరాబాద్ నుంచి వెళ్లే మెసేజ్ వేరే దేశాల ఆఫీసుల్లోనూ మోగుతుంది.

అపోహ: శాటిలైట్లు ఉండగా సముద్రంలో డబ్బాలు దేనికి?

ఇది చదువుకున్నవాళ్లు అడిగే ప్రశ్న. అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి.

శాటిలైట్ సముద్రం చర్మాన్ని చూస్తుంది. ఒంటి మీద చెయ్యి పెట్టి జ్వరం చెప్పొచ్చు, కడుపులో ఏముందో చెప్పలేం. నీటి వేడిని కొలిచే సెన్సార్లలో ఒక రకానికి మబ్బు అడ్డొస్తే ఏమీ కనపడదు. ఇంకో రకం మబ్బులోంచి చూస్తుంది గానీ జోరువానలో చూడలేదు. అంటే తుఫాను నడినెత్తిన ఉన్నప్పుడే, మనకి బాగా అవసరమైనప్పుడే, దాని చూపు మందగిస్తుంది.

మన బంగాళాఖాతానికైతే ఇంకో తిరకాసు ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదుల నీళ్లూ వానాకాలంలో ఒకే గిన్నెలో పడతాయి. వాన నీళ్లు సరేసరి. మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడలా తేలతాయి. మామూలుగా తుఫాను గాలి సముద్రాన్ని కవ్వంలా చిలుకుతుంది, కింది చల్లనీళ్లు పైకొస్తాయి, తుఫానుకి దొరికే వేడి తగ్గుతుంది. బంగాళాఖాతంలో ఈ మీగడ మూతలా అడ్డుపడుతుంది. చిలికినా చల్లనీళ్లు తేలిగ్గా పైకి రావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుఫాను భయం ఎక్కువ ఉండటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

ఆ మీగడ మందం ఎంత, కింద వేడి ఎంత లోతు దాకా ఉంది? ఇవి శాటిలైట్ నేరుగా చెప్పలేదు. సముద్ర మట్టం ఎత్తుని బట్టి లోపలి వేడిని అంచనా కట్టే పద్ధతి ఉంది, ఉపయోగపడుతుంది కూడా, కానీ అది అంచనా. అసలు సంగతి తెలియాలంటే నీళ్లలోకి దిగాలి. లంగరు వేసి నీళ్ల మీద తేల్చే డబ్బాలు, అంటే బోయ్‌లు, నీళ్లతో పాటు కొట్టుకుపోయే ఆర్గో ఫ్లోట్లు, నౌకలు అందుకే. నదులన్నీ పూర్తిగా మనవి కావు, అఖాతం ఒడ్డూ పూర్తిగా మనది కాదు. కాబట్టి ఆ మీగడ లెక్క ఏ ఒక్క దేశానికీ ఒంటరిగా తేలదు.

అపోహ: సముద్రంలో వదిలేవి గూఢచారి యంత్రాలు

ఆర్గో ఫ్లోట్ అంటే మనిషంత పొడవున్న గొట్టం. దాన్ని ముందుకు నడిపే మోటారు లేదు. వెయ్యి మీటర్ల లోతుకి దిగి, నీళ్లు ఎటు తీసుకెళితే అటు తొమ్మిది రోజుల పాటు కొట్టుకుపోతుంది. తర్వాత రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకొస్తూ వేడి, ఉప్పదనం కొలుస్తుంది. పైన శాటిలైట్‌కి లెక్క అప్పజెప్పి మళ్లీ మునుగుతుంది. పది రోజులకోసారి ఇదే తంతు, బ్యాటరీ ఉన్నన్నాళ్లు, అంటే నాలుగైదేళ్లు. ప్రపంచమంతా కలిపి ఇలాంటివి నాలుగు వేల దాకా ఉన్నాయి. భారత్ వదిలిన ఫ్లోట్ లెక్కని మొజాంబిక్ విద్యార్థి చూడొచ్చు, జపాన్ వదిలినదాన్ని నేను చూడొచ్చు. ఇరవై నాలుగు గంటల్లో అందరికీ ఉచితం.

అనుమానంలో రవ్వంత నిజం లేకపోలేదు. జలాంతర్గాముల్ని పట్టే సోనార్ శబ్దం నీళ్లలో ఎలా పోతుందన్నది వేడి, ఉప్పదనాల మీదే ఆధారపడుతుంది. అందుకే నౌకాదళాలకి ఈ లెక్కలంటే ఆసక్తి. ప్రతి దేశమూ తన తీరజలాల్లో తీసుకున్న కొలతలన్నీ బయట పెట్టదు. ఫ్లోట్ తీరం నుంచి రెండు వందల నాటికల్ మైళ్ల ఆర్థిక మండలిలోకి కొట్టుకొచ్చేలా ఉంటే ఆ దేశానికి ముందే చెప్పాలన్న పద్ధతి కూడా ఉంది. ఈ జాగ్రత్త తప్పని నేను అనను. కానీ డేటా దాచిన ప్రతిసారీ అంచనాలో ఆ మేరకు గుంట పడుతుంది, ఆ గుంట దాచిన దేశానికీ తగులుతుంది.

అపోహ: ఎల్‌నినో వచ్చిందంటే కరువే

టీవీలో "ఎల్‌నినో" అన్న మాట వినపడగానే మా బాబాయికి టెన్షన్ మొదలవుతుంది. ఆయనది అనంతపురం వైపు, వేరుశనగ. పసిఫిక్ మహాసముద్రం నడిమి, తూర్పు భాగాల్లో నీళ్లు మామూలు కంటే వేడెక్కడమే ఎల్‌నినో. భయంలో న్యాయం ఉంది. 2002, 2009, 2015 ఎల్‌నినో ఏడాదులు, మూడింట్లోనూ దేశానికి వాన బాగా తక్కువ. కానీ 1997 సంగతేంటి? అప్పటిది ఆ శతాబ్దంలోని బలమైన ఎల్‌నినోల్లో ఒకటి. అందరూ కరువుకి సిద్ధపడ్డారు. తీరా చూస్తే నైరుతి రుతుపవనాల వాన సగటు కంటే రెండు శాతం ఎక్కువే పడింది.

ఏం జరిగిందో ఆ తర్వాత తేలింది. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా అనే నలుగురు శాస్త్రవేత్తలు, ముగ్గురు భారతీయులు, ఒక జపనీయుడు, హిందూ మహాసముద్రానికి సొంత ఊగిసలాట ఒకటుందని చూపించారు. కొన్నేళ్లు సుమత్రా, జావా దగ్గర నీళ్లు చల్లబడతాయి, ఆఫ్రికా వైపు వేడెక్కుతాయి. దీన్ని ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. ఇలా ఊగినప్పుడు మన రుతుపవనాలకి ఎక్కువసార్లు సాయం అందుతుంది. 1997లో ఎల్‌నినో కిందికి లాగిన వానని డైపోల్ చాలావరకు నిలబెట్టిందని అంటారు. 2019లోనూ బలమైన డైపోల్. జూన్‌లో మూడో వంతు లోటుతో మొదలైన వాన సెప్టెంబరు ముగిసేసరికి సగటుకి పది శాతం ఎక్కువైంది. అదే ఏడాది అదే డైపోల్ తూర్పు ఆఫ్రికాలో వరదలకీ, ఆస్ట్రేలియాలో కార్చిచ్చుకి ముందు వచ్చిన ఎండుదనానికీ కారణమైంది. ఒకరికి వరం, ఇంకొకరికి శాపం.

ఇప్పుడు బాబాయి వేరుశనగ చేను దగ్గరికి రండి. ఆ చేనుకి వాన ఎలా ఉండొచ్చో చెప్పాలంటే ఇండోనేషియా తీరంలో నీళ్ల వేడి తెలియాలి. పసిఫిక్ నుంచి వేడి నీళ్లు ఆ దీవుల సందుల్లోంచే మన సముద్రంలోకి వస్తాయి. రెండో కొస ఆఫ్రికా దగ్గర. మధ్యలో భూమధ్యరేఖ పొడవునా కొలతలు కావాలి. ఆ పని కోసమే 2004 నుంచి 'రామా' అనే బోయ్‌ల వరుసని అమెరికా, భారత్, జపాన్, ఇండోనేషియా, చైనా వంటి దేశాలు కలిసి వేశాయి. పేరు చూసి మనవాళ్లే పెట్టారనుకుంటారు. నిజానికి అది ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా రుతుపవనాల పరిశోధన అన్న పొడుగాటి ఇంగ్లిష్ పేరుకి పొట్టి రూపం.

ఇక్కడ నాకు గొలుసుకట్టు చెరువులు గుర్తొస్తాయి. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. సోమాలియా సముద్రపు దొంగల వల్ల పశ్చిమాన బోయ్‌లు వేయడం ఏళ్ల తరబడి ఆలస్యమైంది. 2020లో కరోనాతో నౌకలు ఆగిపోయి, ఏటా మార్చాల్సిన బోయ్‌లు మార్చలేక చాలా చోట్ల లెక్కలు ఆగాయి. పసిఫిక్‌లో 2012 తర్వాత అమెరికా నౌక ఖర్చు తగ్గించుకుంటే అక్కడి బోయ్‌ల డేటా రెండేళ్లలో 40 శాతానికి పడిపోయింది. ఎల్‌నినోని ముందే పసిగట్టేది ఆ బోయ్‌లే. వాషింగ్టన్ బడ్జెట్ కోత అనంతపురం దాకా ఎలా వస్తుందంటే, ఇలా వస్తుంది.

అపోహ: తుఫానుకి పేరు ఢిల్లీ పెడుతుంది. దేశాల మధ్య గొడవలుంటే సమాచారం ఆగిపోతుంది

రెండూ ఒకే జవాబుతో పోతాయి. విశాఖని 2014 అక్టోబరు 12న ముంచిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. 2018లో శ్రీకాకుళం కొబ్బరి తోటల్ని నేలకూల్చిన తిత్లీ పేరు పాకిస్తాన్‌ది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటినదానికి పేరు మయన్మార్ ఇచ్చింది, మన పేపర్లు మిచాంగ్, మిగ్‌జాం అని తలా ఒకలా రాశాయి. 2004లో ఎనిమిది దేశాలతో ఈ పేర్లు మొదలయ్యాయి. ఇప్పుడు పదమూడు దేశాలు, దేశానికి పదమూడు చొప్పున 169 పేర్ల జాబితా. ఏ పేరు వంతు వచ్చిందో చూసి ప్రకటించడమే ఢిల్లీలోని వాతావరణ శాఖ పని.

పేర్లు పైకి కనపడే ముక్క మాత్రమే. లక్షల మందిని పొట్టన పెట్టుకున్న 1970 భోలా తుఫాను తర్వాత, 1972లో ఈ దేశాల తుఫాను కమిటీ పుట్టింది. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల తుఫాను సూచనలు ఢిల్లీ నుంచి అందరికీ వెళతాయి, పాకిస్తాన్‌కి కూడా. వానాకాలానికి ముందు దక్షిణాసియా దేశాల వాతావరణ శాఖలు కూర్చుని ఉమ్మడి అంచనా రాసే పద్ధతి 2010 నుంచి ఉంది. సరిహద్దులో ఏం జరుగుతున్నా వాన లెక్కలు మాత్రం చేతులు మారుతూనే ఉంటాయి.

అయితే సూచన పంపితే పని అయిపోయినట్టు కాదు. 2008లో నర్గీస్ తుఫాను గురించి భారత్ మయన్మార్‌కి ముందే సూచనలు పంపింది. అయినా లక్ష మందికి పైగా చనిపోయారు. ఆఫీసు దాకా వచ్చిన మాట గుడిసె దాకా వెళ్లలేదు. దివిసీమ 1977 తెలిసిన మనకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

అపోహ: ఆ పసుపు డబ్బాలు చేపల్ని తరిమేస్తాయి

ఒకసారి రేవులో మత్స్యకారులతో మాట్లాడటానికి వెళ్లాను. ఈ మాట ఎవరో అనగానే ఒక సరంగు నవ్వేశాడు. "తరమడమేంటి సార్, దాని కిందే కదా సూర చేప దొరికేది!"

ఆయన చెప్పిందే నిజం. బోయ్‌కి నాచు పడుతుంది, నాచుకి చిన్న చేప, చిన్న చేపకి పెద్ద చేప. గాలపు వేటకి వెళ్లేవాళ్లకి నడిసముద్రంలో అది ఉచితంగా దొరికిన వేట చోటు. పడవని దానికే కట్టేస్తారు. మూడు కిలోమీటర్ల లోతులో లంగరు, 500 మీటర్ల దాకా వరసగా సెన్సార్లు ఉన్న తాడు ఆ లాగుడుకి తెగుతుంది. కొన్ని చోట్ల సోలార్ పలకలు కూడా మాయమవుతాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వేసే బోయ్‌లకీ ఇదే బాధ, రామా బోయ్‌లకీ ఇదే బాధ, అక్కడ కట్టే పడవలు రకరకాల దేశాలవి. ఎక్కడానికి, కట్టడానికి పట్టు దొరక్కుండా శంకువు ఆకారపు బోయ్‌లు కూడా వేసి చూశారు.

నేను రేవులో తిట్టను. చేప ఉన్న చోటుకి పడవ పోతుంది. చెప్పేదల్లా ఒకటే, చుట్టూ వేట చేసుకోండి, కట్టకండి. "రేపు అలలు మూడు మీటర్లు" అని మీ ఫోన్‌కి వచ్చే మెసేజ్ సరైనదో కాదో మేం సరిచూసుకునేది ఆ డబ్బాతోనే.

అపోహ: "సాధారణ వర్షపాతం" అన్నారంటే మా ఊళ్లో వాన పడినట్టే

వాతావరణ శాఖ ఏప్రిల్‌లో చెప్పే వానాకాలం అంకె దేశం మొత్తానిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశం సగటు 87 సెంటీమీటర్లు, అందులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే సాధారణం. ఆ అంకెకే అయిదు శాతం అటూ ఇటూ తేడా ఉంటుందని వాతావరణ శాఖే చెబుతుంది. అనంతపురంలో ఏడాది పొడుగునా పడేది 55 సెంటీమీటర్లు అటూ ఇటూ. మేఘాలయ, అనంతపురం కలిపి తీసిన సగటులో బాబాయి చేను ఎక్కడుందో వెతకడం దండగ.

అందుకే ఆయనకి నేను చెప్పేది వేరు. ఏప్రిల్ అంకె చూసి విత్తనాలు కొనకు బాబాయ్. ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా వస్తుంది, అందులో మొదటి రెండు వారాలు చూడు, మూడు, నాలుగు వారాల మీద మాత్రం అప్పు చేయకు. ఆయన వింటాడు, తలూపుతాడు, తర్వాత పంచాంగంలో ఆ ఏడాది వాన ఎన్ని కుంచాలో కూడా చూసుకుంటాడు.