ఒకే ఒంట్లో రెండు అరుదైన జబ్బులు: రెండోది ఎందుకు ఆలస్యంగా బయటపడుతుంది?

ముఖంలోనూ కాళ్లూచేతుల్లోనూ ఎముకలు సరిగా ఏర్పడని పుట్టులోపం మిల్లర్ సిండ్రోమ్. చాలా అరుదు. అమెరికాలో ఇద్దరు తోబుట్టువులకు ఇది ఉంది. దానికితోడు చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తుల్లో పదేపదే ఇన్ఫెక్షన్లు. ఆ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో మామూలుగా ఈ బాధ ఉండదు. అయినా, అదీ ఇందులో భాగమేనా అన్న ప్రశ్న తేలకుండా ఉండిపోయింది. 2009–10లో సియాటెల్ పరిశోధకులు ఆ ఇద్దరి ఎక్సోమ్‌ను, అంటే డీఎన్‌ఏలో ప్రొటీన్ల తయారీ సమాచారం ఉండే భాగాన్ని, చదివారు. ఒక్క ప్రశ్నకు రెండు జవాబులు దొరికాయి. ఎముకల లోపానికి కారణం డీహెచ్‌ఓడీహెచ్ అనే జన్యువు. ఊపిరితిత్తుల బాధకు కారణం డీఎన్‌ఏహెచ్5 అనే వేరే జన్యువు. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నటి కేశాలు కదలకపోవడమే ఈ రెండో జబ్బు, పేరు ప్రైమరీ సిలియరీ డిస్కినీసియా. ఎక్సోమ్ పరీక్షతో తొలిసారిగా కారణం కనిపెట్టిన జబ్బుగా మిల్లర్ సిండ్రోమ్ చరిత్రకెక్కింది. ఆ తొలి అడుగులోనే రెండు జబ్బులున్న కుటుంబం ఎదురైందన్న సంగతి మాత్రం పెద్దగా ప్రచారంలోకి రాలేదు.

రెండో జబ్బు ఆలస్యంగా బయటపడటానికి వైద్య విద్యలో నేర్పే అలవాటే సగం కారణం. 14వ శతాబ్దపు తత్వవేత్త విలియం ఆఫ్ ఓకమ్ పేరుమీద ఒక సూత్రం చెబుతారు: ఒక్క కారణంతో అన్నీ వివరించగలిగితే రెండో కారణం జోలికి పోవద్దు. దీనికి ఎదురుగా 20వ శతాబ్దంలో అమెరికన్ వైద్యుడు జాన్ హికమ్ పేరుమీద ఇంకో మాట వాడుకలోకి వచ్చింది: రోగికి ఎన్ని జబ్బులైనా ఉండొచ్చు, మన అనుమతి అక్కర్లేదు. వయసు మళ్లినవాళ్ల బీపీ, షుగర్ విషయంలో హికమ్ మాట అందరూ ఒప్పుకుంటారు. అరుదైన జబ్బుల దగ్గరకొచ్చేసరికి మళ్లీ ఓకమే గెలుస్తాడు. 50 వేలమందిలో ఒకరికి వచ్చేవి రెండు ఒకే మనిషికి రావాలంటే 250 కోట్లమందిలో ఒకరు కదా అంటారు. లెక్క తప్పు కాదు, ప్రశ్న తప్పు. అరుదైన జబ్బులు 7 వేలకు పైగా ఉన్నాయి. వాటిని రెండేసి చొప్పున జతకడితే సుమారు 2.45 కోట్ల జతలు వస్తాయి. ఫలానా జత రావడం దాదాపు అసాధ్యమే. ఏదో ఒక జత ఎవరో ఒకరికి రావడం మాత్రం ఖాయం.

దీన్ని అంకెల్లో చూపింది హ్యూస్టన్‌లోని బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్. 2013లో అక్కడ 250 మందికి ఎక్సోమ్ చేస్తే 62 మందికి కారణం దొరికింది. వాళ్లలో నలుగురికి రెండేసి జబ్బులు. 2017లో 7,374 మంది వివరాలు ప్రచురించారు. కారణం తేలిన 2,076 మందిలో 101 మందికి, అంటే 4.9 శాతానికి, రెండు లేదా అంతకన్నా ఎక్కువ జన్యు జబ్బులు ఉన్నాయి. జబ్బు పేరు తేలిన ప్రతి 20 మందిలో ఒకరు అన్నమాట. ఇది సాధారణ జనాభాలో కనిపించే రేటు కాదు, కారణం తెలియక పరీక్షకు వచ్చినవాళ్లలోనిది.

రెండు పేర్లు వినిపించినంత మాత్రాన రెండు వేర్వేరు కారణాలు ఉన్నట్టు కాదు. 1985లో అమెరికాలో ఒక కుర్రాడికి డుషెన్ కండర క్షీణత, క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ (తెల్ల రక్తకణాలు క్రిములను చంపలేకపోవడం), రెటినైటిస్ పిగ్మెంటోసా (చూపు క్రమంగా పోవడం), మెక్‌లియాడ్ సిండ్రోమ్ (ఎర్ర రక్తకణాల లోపం) నాలుగూ ఉన్నట్టు తేలింది. ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్న జన్యువులు ఒకే ముక్కగా ఊడిపోయాయి. డుషెన్ జన్యువు ఎక్కడుందో వెతికేవాళ్లకు ఆ ఖాళీయే దారి చూపింది. 16వ క్రోమోజోమ్ మీద ఇరుగుపొరుగున ఉన్న టీఎస్‌సీ2, పీకేడీ1 జన్యువులు కలిసి పోతే ట్యూబరస్ స్క్లెరోసిస్ (పలు అవయవాల్లో గడ్డలు వచ్చే జబ్బు), కిడ్నీల్లో నీటితిత్తులు జంటగా వస్తాయి. ఇలాంటివి పట్టాలంటే ఊడిన ముక్కలను వెతికే క్రోమోజోమల్ మైక్రోఅరే పరీక్ష చేయించాలి. మూడో రకంలో ఊడిన ముక్క ఉండదు, రెండుగా కనిపించినా నిజానికి ఉన్నది ఒకే జబ్బు. ఏఐఆర్‌ఈ అనే ఒక్క జన్యువు చెడి అడ్రినల్, పారాథైరాయిడ్ గ్రంథులు రెండూ దెబ్బతినడం ఈ కోవలోది.

మేనరికాల వల్ల తెలుగునాట ఈ విషయానికి అదనపు బరువు ఉంది. రక్తసంబంధానికీ అరుదైన జబ్బులకూ ఉన్న లంకెను మూత్రం నల్లబడే ఆల్కప్టొన్యూరియా అనే జబ్బు మీద 1902లో రాసిన వ్యాసంలోనే ఇంగ్లిష్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ ఎత్తిచూపారు. ఆ రోగుల తల్లిదండ్రుల్లో చాలామంది పెళ్లికి ముందే ఒకరికొకరు దగ్గరి బంధువులు, తోబుట్టువుల పిల్లలు. 1960ల మొదట్లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పనిచేసిన కృష్ణ ద్రోణంరాజు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలను అధ్యయనం చేశారు. హైదరాబాద్‌లో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది పసికందులను పరీక్షించిన ఫలితాలు 2004లో వచ్చాయి. ప్రతి వెయ్యిమందిలో ఒకరికి జీవక్రియ లోపం కనిపించింది.

మేనమామను చేసుకున్న అమ్మాయికి పుట్టిన బిడ్డలో సగటున ఎనిమిదో వంతు జన్యువుల రెండు కాపీలూ ఒకే పూర్వికుల దగ్గర నుంచి వచ్చి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. బావామరదళ్ల పిల్లల్లో అది పదహారో వంతు. అలాంటి ముక్కలు క్రోమోజోముల మీద చాలాచోట్ల ఉంటాయి గనక రెండు వేర్వేరు ముక్కల్లో రెండు జబ్బులు దాక్కోగలవు. భార్యాభర్తలిద్దరూ ఒక జబ్బుకు క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా చెడిన జన్యువు ఒక కాపీ మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ ప్రమాదం 25 శాతం. రెండు జబ్బులకూ అయితే, జన్యువులు దూరదూరంగా ఉన్నప్పుడు, రెండూ రాని బిడ్డకు అవకాశం 16లో 9, మొదటిది మాత్రమే రావడానికి 3, రెండోది మాత్రమే రావడానికి 3, రెండూ రావడానికి 1. అంటే ఏదో ఒకటైనా వచ్చే ప్రమాదం 16లో 7, దాదాపు 44 శాతం. దురదృష్టం ఎక్కడంటే, చాలామంది దంపతులు మొదటి జబ్బు పేరుతో వచ్చిన 25 శాతం మాటే పట్టుకుని మరో కాన్పుకు వెళతారు. 11–13 వారాల మధ్య మాయ నుంచి తీసిన నమూనాలో ఒక్క మ్యుటేషనే (జన్యువులో మార్పు) చూసి ‘బిడ్డకు జబ్బు లేదు’ అంటారు. రెండోది పుట్టాక బయటపడుతుంది.

రెండో జబ్బు పరీక్షలో జారిపోయేది ఎక్కువగా ల్యాబుకు పంపే దరఖాస్తు ఫారం దగ్గరే. ఎక్సోమ్‌లో వేలకొద్దీ తేడాలు వస్తాయి. ల్యాబ్ వాటిని డాక్టరు రాసిచ్చిన లక్షణాలతోనే జల్లెడ పడుతుంది. ఫారంలో ‘మూర్ఛ, ఎదుగుదల లోపం’ అని రాసి వినికిడి సంగతి వదిలేస్తే చెవుడు జన్యువు జల్లెడలో మిగలదు. అందుకే ప్రతి లక్షణాన్నీ విడిగా రాసి, ఏ వయసులో మొదలైందో, ఏ పరీక్షలో కనిపించిందో పక్కనే చేర్చాలి. ఒక పేరు దొరికిన తర్వాత అదే కాగితం మళ్లీ తీసి, ఆ జబ్బుతో సర్దుకోని లక్షణం ఏదో గీత గీయాలి. అదే మ్యుటేషన్ ఉన్న అక్కకో తమ్ముడికో లేని బాధ ఈ బిడ్డకు ఉందంటే అనుమానించి తీరాలి.

నమూనాగా ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 3–4 మిల్లీలీటర్ల రక్తం సరిపోతుంది. తల్లిదండ్రులదీ అప్పుడే ఇవ్వడం మంచిది. రిపోర్టుతోపాటు ముడి డేటా ఫైళ్లు కూడా అడిగి తీసుకోవాలి. కొత్త జన్యువులు ఏటా తెలుస్తున్నాయి గనక ఒకటి రెండేళ్లకు అదే డేటాను మళ్లీ చదివిస్తే, కొత్తగా రక్తం ఇవ్వకుండానే రెండో జవాబు రావచ్చు. ఎక్సోమ్ చూడలేనివీ ఉన్నాయి. కండరాలు బలహీనపడే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీలో పోయే ఎస్‌ఎంఎన్1 కాపీకి ఎమ్‌ఎల్‌పీఏ లాంటి, జన్యువు కాపీలను లెక్కపెట్టే పరీక్ష వేరుగా చేయాలి. బుద్ధి ఎదుగుదలను దెబ్బతీసే ఫ్రాజైల్ ఎక్స్‌కూ మైటోకాండ్రియా డీఎన్‌ఏకూ అంతే.

రెండో జబ్బు తెలియకపోతే మొదటిదాని మందే ముప్పవుతుంది. కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం పైరువేట్ డీహైడ్రోజినేజ్ లోపానికి, అంటే గ్లూకోజ్‌ను సరిగా శక్తిగా మార్చుకోలేని జబ్బుకు, చికిత్స. కొవ్వును కరిగించి శక్తిగా మార్చుకోలేని జబ్బు కూడా ఉన్న బిడ్డకు అదే ప్రాణాంతకం. రెండోదానికి జ్వరంలో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించాలి, మొదటిదానిలో ఆ గ్లూకోజే లాక్టేట్‌ను పెంచుతుంది. ఒంట్లో తయారయ్యే అమోనియాను వదిలించుకోలేని యూరియా సైకిల్ లోపం ఉన్నవాళ్లకు మూర్ఛకని వాల్‌ప్రొయేట్ ఇస్తే అమోనియా పెరుగుతుంది. పీఓఎల్‌జీ జన్యువు చెడి ఉంటే అదే మందు కాలేయాన్ని చంపేస్తుంది. రక్తం ఆక్సిజన్‌ను సరిగా అందించలేని మెథిమోగ్లోబినీమియాకు మిథిలిన్ బ్లూ మందు, కానీ ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే దానివల్లే రక్తకణాలు పగిలిపోతాయి. అడ్రినల్, థైరాయిడ్ రెండూ తక్కువగా ఉన్నప్పుడు ముందు హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాక్సిన్. వరస తప్పితే అడ్రినల్ సంక్షోభం వస్తుంది. అందుకే అత్యవసర పత్రం జబ్బుకొకటి కాకుండా రెండూ కలిపి ఒకే పేజీలో ఉండాలి, సంబంధిత నిపుణులిద్దరూ సంతకం పెట్టాలి.

డబ్బు దగ్గర మళ్లీ ఒక్కో జబ్బు లెక్కే. అరుదైన జబ్బులపై 2017లో వచ్చిన మొదటి జాతీయ విధానం 2018 చివరికి అటకెక్కింది. 2021 మార్చిలో వచ్చిన విధానం జబ్బులను మూడు గ్రూపులుగా విడదీసింది. 2022లో సాయాన్ని రోగికి 50 లక్షల రూపాయల వరకు పెంచారు. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆస్పత్రి కలిసి ఇందుకు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా ఉన్నాయి. జాబితాలో ఉన్న జబ్బు పేరే దరఖాస్తుకు ఆధారం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాత్రం 21 రకాల్లో ‘బహుళ వైకల్యం’ అని వేరుగా చేర్చింది. రెండు వైకల్యాలున్నప్పుడు వాటి శాతాలను నేరుగా కూడరు. తక్కువ శాతాన్ని, 90లోంచి ఎక్కువ శాతం తీసేయగా మిగిలినదానితో గుణించి 90తో భాగించి, ఎక్కువ శాతానికి కలుపుతారు. 60, 30 ఉంటే 90 రాదు, 70 వస్తుంది. 30, 15 ఉంటే 40. విడివిడిగా చూస్తే రెండూ, ప్రయోజనాలకు కావాల్సిన 40 శాతం గీత కిందే ఉండి, కలిపితేనే గీత తాకుతాయి. బోర్డు ముందు రెండో జబ్బు నిపుణుడి పత్రం జతచేయకపోతే ఆ 10 శాతం లెక్కలోకి రాదు.