చెవి నీటిలో పెప్సిన్: ఆసిడిటీ మందు దాకా వచ్చిన దారి

మధ్యచెవిలో నీరు చేరిన పిల్లలకు ఆసిడిటీ మందు రాయాలన్న ఆలోచనకు బలం వచ్చింది 2002లో. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో, గ్రోమెట్ (కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టం) వేసేటప్పుడు పిల్లల చెవుల్లోంచి పీల్చి తీసిన బంకలాంటి ద్రవాన్ని పరీక్షించారు. 83 శాతం నమూనాల్లో, కడుపులో మాంసకృత్తులను అరిగించే ఎంజైమ్ అయిన పెప్సిన్ గానీ దాని ముందు రూపమైన పెప్సినోజెన్ గానీ కనిపించింది. కొన్నిటిలో రక్తంలో ఉండేదానికి వెయ్యి రెట్ల దాకా ఉంది. రక్తం నుంచి ఊరితే అంత చేరదు, కాబట్టి కడుపులోంచే ఎగదన్ని ఉండాలని పరిశోధకులు తేల్చారు.

దారి ఉన్నమాట నిజమే. ముక్కు వెనక భాగాన్ని మధ్యచెవితో కలిపే యూస్టేషియన్ గొట్టం పెద్దల్లో దాదాపు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. పసిపిల్లల్లో ఆ వాలు 10 డిగ్రీలే, పొడవూ సుమారు సగమే. పడుకోబెట్టి సీసా పాలు పట్టడంపై వైద్యులకు 1960లలోనే అనుమానం ఉండేది.

పెప్సిన్ మొండిది. పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 2 దగ్గర ఉధృతంగా పనిచేస్తుంది, 6.5 దాటితే ఆగిపోతుంది, కానీ 8కి చేరేదాకా పూర్తిగా చెడిపోదు. మధ్యచెవిలో నిద్రాణంగా ఉండి, మళ్లీ ఆమ్లం తగిలితే పని మొదలుపెట్టగలదు. ఎలుకల్లో ఆమ్లం, పెప్సిన్ కలిపి ప్రయోగిస్తే ఆ గొట్టం పనితీరు దెబ్బతింది.

అయితే పరీక్ష పద్ధతి మారేసరికి అంకె కూడా మారింది. 2008లో అమెరికాలో 509 మంది పిల్లల్ని చూస్తే పెప్సిన్ దొరికింది 20 శాతం మందిలోనే. చెవి జబ్బు లేనివారిలో మాత్రం 1.4 శాతమే. సంబంధం ఉందనడానికి ఇది చాలు, కారణం అదేననడానికి చాలదు. 2012లో అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష కూడా ఇదే చెప్పింది, చెవి కోసం రిఫ్లక్స్ (కడుపులోది పైకి ఎగదన్నడం) మందులు సిఫారసు చేయలేదు.

అయినా కొందరు ఆ మందులు రాస్తూనే ఉన్నారు. మా అభ్యంతరం అక్కడే. లాన్సోప్రజోల్ వంటివి ఆమ్లాన్ని తగ్గిస్తాయి గానీ ఎగదన్నడాన్ని ఆపవు. పెప్సిన్ పైకి వస్తూనే ఉంటుంది. 2009లో 162 మంది పసిపిల్లలపై జరిగిన పరీక్షలో రిఫ్లక్స్ లక్షణాలు తగ్గినవారు మందు తీసుకున్నవారిలో 54 శాతం, మందు లేని ఉత్తుత్తి డోసు తీసుకున్నవారిలోనూ 54 శాతమే. పైగా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు మందు వాడినవారిలో ఎక్కువగా వచ్చాయి.

చెవిలో నీరు చాలామందిలో మూడు నెలల్లో తనంతట తగ్గుతుంది. తగ్గకపోయినా, మాట ఆలస్యమైనా వినికిడి పరీక్ష చేయించాలి. గ్రోమెట్ మాట ఆ తర్వాతే. పాలు పట్టేటప్పుడు బిడ్డ తల ఛాతీ కంటే ఎత్తుగా ఉండాలి. కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసే అలవాటున్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. సీసాను దిండుకు ఆనించి వదిలేయకూడదు. తాగాక 20–30 నిమిషాలు భుజాన నిటారుగా ఎత్తుకోవాలి. నిద్రకు మాత్రం చదునైన పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టాలి, తల కింద దిండు పెట్టకూడదు.