నీటిని రానిచ్చే పడవ

పడవ కట్టడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ల బెంగంతా నీళ్లు లోపలికి వస్తాయేమోనని. చెన్నై తీరపు కట్టుమరానికి ఆ బెంగే లేదు. శ్రీకాకుళం నుంచి కాసిమేడు రేవుకు పనికి వచ్చిన మన జాలర్లు తెప్ప అనేది ఇలాంటిదాన్నే. తేలికపాటి దుంగల్ని బాడిసతో చెక్కి, పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తారు. పైకెక్కిన అల సందుల్లోంచి జారిపోతుంది. తెప్పను తేల్చేది లోపలి ఖాళీ కాదు, చెక్కే. అందుకే బోల్తా పడినా మునగదు.

దానికి చేటు చెక్కలోకి ఇంకే నీటితోనే. ఏ చెట్టుదైనా సరే, చెక్క కణాల గోడలు నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. కణాల్లోని గాలే దాన్ని తేలుస్తుంది. ఆ చోట నీరు చేరేకొద్దీ తెప్ప కిందికి దిగుతుంది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసుక మీద ఆరబెట్టేది అందుకే. ఇప్పుడు ఎటు చూసినా ఫైబర్ పడవలే, వాటికి ఈ పని లేదు.

పలకల పడవ దగ్గర లెక్క మారుతుంది. తడిస్తే చెక్క ఉబ్బుతుందని అందరికీ తెలుసు, ఎటు ఉబ్బుతుందన్నదే అసలు సంగతి. పొడవునా దాదాపు కదలదు. పచ్చి టేకు పూర్తిగా ఎండితే మానులోని పెరుగుదల వలయాల వెంట సుమారు 5.8 శాతం, మాను నడిమి నుంచి బెరడు వైపు 2.5 శాతం కుంచించుకుంటుంది. తడిస్తే మళ్లీ అదే తీరున ఉబ్బుతుంది. టేకు నయం, చాలా చెక్కలు ఇంకా ఎక్కువ కదులుతాయి. పలక కొనేటప్పుడు దాని చివర చూడండి: వలయాల గీతలు నిలువుగా ఉంటే తక్కువ కదిలే పలక, అడ్డంగా పరుచుకుని ఉంటే వంకరపోయే పలక. నన్నడిగితే, ఉలి పట్టకముందే ఈ చూపు రావాలి. ఒక ముక్కను బాగా ఎండబెట్టి (చెన్నై గాలిలో అదీ కష్టమే), వెడల్పు కొలిచి, బకెట్లో నానేసి మళ్లీ కొలిస్తే తేడా కళ్లకు కడుతుంది.

మద్రాసుకు రేవు లేని రోజుల్లో ఓడలు దూరంగా లంగరేసేవి. మనుషులూ సరుకూ మసూలా పడవల్లో ఒడ్డు చేరాల్సిందే. వాటికి మేకుల్లేవు, లోపల చట్రమూ లేదు. పలకల అంచుల్లో రంధ్రాలు పెట్టి, అతుకుల మీద గడ్డి పరిచి, కొబ్బరితాడుతో కుట్టేవారు. అల ఎత్తి ఇసుకకేసి కొట్టినప్పుడు మేకు దిగిన చోటే దెబ్బంతా పడితే పలక చీలుతుంది. కుట్టయితే తాడు సాగి ఆ దెబ్బను అతుకంతా పంచుతుంది. కొబ్బరి పీచు తెగేలోపు చాలా సాగుతుంది, ఉప్పునీటిలోనూ తొందరగా కుళ్లదు. కుట్ల సందుల్లోంచి నీళ్లు మాత్రం ఊరుతూనే ఉండేవి. తెడ్లు వేసేవాళ్లతో పాటు, ఆ నీళ్లు తోడిపోయడానికి వేరే మనిషి ఉండేవాడు.