హాలు గోడకు ఏ రంగు? ముందు నేల మీద పడుకుని చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం చేరింది. హాలుకు కొత్తగా రంగు వేయించబోతున్నారని, అమ్మ తెలుపే కావాలంటోందని, నాన్న ముదురు నీలం దగ్గర పట్టుబట్టి కూర్చున్నాడని రాశారు. వాటన్నిటికంటే చివరి పంక్తిలో చిన్నది అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మేం బడికి, అమ్మానాన్నలు పనికి వెళ్లిపోతాం. రోజంతా హాల్లో ఉండేవి కుక్కలే. వాటికి ఏ రంగు ఇష్టమో ఎవరూ అడగరేం తాతయ్యా?"

అడగవలసిన ప్రశ్నే తల్లీ. గదికి రంగు ఎంచేటప్పుడు అందరూ కుర్చీల్లో కూర్చునేవాళ్ల గురించి ఆలోచిస్తారు. నేల మీద పడుకునేవాళ్లు గుర్తుకు రారు.

ముందు వాటి కళ్ల సంగతి చెబుతాను. రంగులను పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలు. కుక్క కంట్లో రెండే. 1989లో జే నైట్స్, టిమోతీ గైస్ట్, జెరాల్డ్ జేకబ్స్ అనే అమెరికా శాస్త్రవేత్తలు మూడు కుక్కలకు ఓపికగా ఒక ఆట నేర్పి ఈ విషయం తేల్చారు. వెలుగుతున్న మూడు పలకల్లో రెండు ఒకే రంగు, ఒకటి వేరు. వేరుగా ఉన్నదాన్ని కనిపెట్టి తాకితే బహుమానం. కుక్కలు నీలాన్ని, పసుపును చక్కగా విడదీస్తాయి. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ మాత్రం వాటికి పసుపుకూ గోధుమ రంగుకూ మధ్య ఎక్కడో కలిసిపోతాయి. మీరు ఎంతో ముచ్చటపడి గోడకు చిలకపచ్చ వేసినా, వాటికి వెలిసిపోయిన పసుపు లాంటిదే కనిపిస్తుంది.

అలాగని నీలం కనిపిస్తుంది కాబట్టి నీలమే వాటికి ఇష్టమని అనుకోవద్దు. కనిపించడం వేరు, ఇష్టపడడం వేరు. కుక్క చూపు మన చూపంత పదునైనది కాదు. కానీ మసక వెలుతురులో మనకంటే బాగా చూస్తుంది, కదిలేదాన్ని ఇట్టే పట్టేస్తుంది. గోడ కదలదు కదా, దాని రంగుతో వాటికి పేచీ లేదు.

పేచీ లేదన్నాను గానీ, గోడతో వాటికి బోలెడంత పని ఉంది. ఒకసారి హాల్లో బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి గోడను చూడండి. అమ్మానాన్నలను కూడా పడుకోమనండి, సిగ్గుపడితే మీరే చేయి పట్టుకుని లాగండి. నిలబడి చూసేవాళ్లకు తెలియనిదంతా అక్కడ కనిపిస్తుంది. తలుపు పక్క మూలలో గోధుమ రంగు మరక ఉంటుంది చూడండి. అది మట్టి కాదు. కుక్క చర్మం నుంచి ఒక నూనె ఊరుతుంది, అది ఆనుకుని పడుకున్నచోట రోజు రోజుకూ గోడకు అంటుకుని మరకవుతుంది. కాస్త పైన తళతళలాడే చుక్కలు ఎండిన చొంగ. నీళ్లు తాగి తల విదిలించినప్పుడు పడినవి. సోఫా పక్కన సన్నని గీతలు గోళ్లవి. ఒక ఎత్తులో అడ్డంగా పట్టీలా మాసిందే, అది తోకల పని. ఎవరైనా వస్తే చాలు, గోడకు తగులుతున్నదీ లేనిదీ చూసుకోకుండా ఊపేస్తాయి. గోడ పై భాగం మనది, కింది భాగం వాటిది. అందుకే ఏ రంగు అని అడిగే ముందు ఎటువంటి రంగు అని అడగాలి.

దీన్ని మీకు వాగుతో చెబుతాను. డబ్బాలోని రంగులో ముఖ్యమైనవి రెండు. రంగునిచ్చే సన్నని పొడి, ఆ పొడిని గోడకు పట్టి ఉంచే జిగురు. పలచన చేసే నీళ్లు గాలిలో కలిసిపోతాయి, వాటిని వదిలేద్దాం. పొడి అంటే వాగు అడుగున గులకరాళ్లు. జిగురు అంటే వాటి మీద పారే నీళ్లు.

వానాకాలంలో వాగు నిండుగా ఉంటుంది. రాళ్లన్నీ మునిగిపోయి పైన నున్నగా ఒకటే పలక. ఎండ పడితే కళ్లు జిగేలుమంటాయి. జిగురు ఎక్కువగా ఉండే గ్లాసీ రంగు అలాంటిది. ఆకు పడితే ఆగదు, జారిపోతుంది. అంటే మరక పడితే తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు తగ్గి రాళ్లు తలలు బయటపెడతాయి. ఎండ ఒక్కో రాయి మీద పడి ఒక్కో దిక్కుకు చెదిరిపోతుంది, చూడడానికి కళ్లకు హాయి. అది మ్యాట్ రంగు. కానీ ఇప్పుడు వాగులోకి వచ్చిన ఆకు, పుల్ల, నురుగు అన్నీ రాళ్ల సందుల్లో చిక్కుకుంటాయి. కుక్క నూనె, బురద కూడా మ్యాట్ గోడలో అలాగే దిగిపోతాయి. సందులో ఇరుక్కున్న పుల్లను గట్టిగా లాగితే రాయి కూడా కదిలి వస్తుంది చూశారా? మ్యాట్ గోడను గట్టిగా రుద్దితే గుడ్డకు రంగు అంటుకునేది అందుకే. రాళ్ల తలలు అరిగి నున్నబడితే అక్కడ మాత్రం మెరుస్తుంది. తోక తగిలి తగిలి మ్యాట్ గోడ మీద పడే మెరుపు మచ్చ అదే.

అలాగైతే నిండు వాగే మేలు కదా అంటారు. ఆగండి. నిండు వాగులో ఒడ్డున ఉన్న ప్రతి కొమ్మ వంకరా కనిపిస్తుంది. గ్లాసీ రంగు గోడ మీది ప్రతి ఎత్తునూ పల్లాన్నీ, పుట్టీ సరిగా పట్టని ప్రతి చోటునూ ఎత్తి చూపిస్తుంది. వాగు రాళ్లను అప్పుడే కప్పి, పైన చిన్న చిన్న ముడతలతో పారే రోజులు కొన్ని ఉంటాయి. అందులో ఆకు ఆగదు, ఎండ గుచ్చదు. రంగుల్లో దాన్ని శాటిన్ అంటారు. కుక్కలున్న ఇంట్లో కనీసం గోడ కింది సగానికైనా శాటిన్ వేయించమనే నా సలహా.

వాగు అనగానే నా చిన్నతనం గుర్తుకొస్తోంది. మా జట్టులో ఎవరికీ చెందని ఒక గోధుమ రంగు కుక్క ఉండేది. మాతోపాటే వాగులో దిగి, మాతోపాటే ఇంటికి వచ్చి, ఒళ్లు విదిలించి గోడకు చేరగిలబడేది. అప్పుడు మా ఇంటి గోడలకు సున్నమే. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, పైపొర మాత్రం రుద్దితే పొడిగా రాలుతుంది. మా కుక్క లేచేసరికి ఒక పక్క గోధుమ, ఒక పక్క తెలుపు. మీ ఇంట్లో కుక్క గోడకు రంగు పూస్తే, మా ఇంట్లో గోడే కుక్కకు పూసేది. మా నాయనమ్మ దాన్ని ఒక్క మాట అనేది కాదు. ఏడాదికోసారి సున్నం కొట్టేటప్పుడు దాని మూలకు ఇంకో పూత ఎక్కువ వేయించేది, అంతే. మీరూ మరక కనిపించగానే కుక్కను కోప్పడకండి. మన చేతులు తగిలి స్విచ్చుల చుట్టూ గోడ మాసిపోతే మనల్ని ఎవరూ కోప్పడరు కదా.

ఇక రంగు. అమ్మ చెప్పే తెలుపు మీద బురద, నూనె మరకలు మొదటి వారంలోనే కనిపిస్తాయి. నాన్న చెప్పే ముదురు నీలం వాటిని దాస్తుంది గానీ ఎండిన చొంగను, తెల్ల వెంట్రుకలను, లోపలి పుట్టీ బయటపడేలా గీసిన గోటి గీతలను అస్సలు దాచదు. రెండు కొసలూ కుక్కలకు సరిపడవు. చాలా షేడు కార్డుల వెనక ఒక చిన్న అంకె ఉంటుంది, ఆ రంగు ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో చెప్పేది. సున్నా అంటే నలుపు, 100 అంటే తెలుపు. 40కీ 60కీ మధ్య వెతకండి. కాస్త బూడిద కలిసినట్టు ఉండే రంగులు ఇంకా మంచివి. నన్ను ఓటు వేయమంటే నాన్న నీలాన్నే మబ్బు పట్టిన ఆకాశమంత దాకా తేల్చి, గోడ కింది సగానికి వేయించమంటాను. పైన అమ్మ తెలుపు ఉండనే ఉంటుంది. పైగా నీలం కుక్కలకు కూడా రంగుగా కనిపించే రంగు.

అసలు వాటికి పట్టేది వాసన. వాసన పట్టే కణాలు మన ముక్కులో సుమారు 50 లక్షలు, కుక్క ముక్కులో జాతిని బట్టి 20 కోట్లు దాటుతాయి. కొత్త రంగు ఆరేటప్పుడు అందులోంచి ఆవిరయ్యే రసాయనాలు మన తలనే నొప్పి పెట్టిస్తాయి, మరి వాటి సంగతి? వాసన తక్కువ అని డబ్బా మీద రాసి ఉంటే సరిపోదు. ఆవిరయ్యే రసాయనాలు తక్కువని రాసి ఉందో లేదో నాన్నను చూడమనండి. రంగు వేసే రోజుల్లోనూ, ఆ తర్వాత వాసన తగ్గేదాకానూ కుక్కలను వేరే గదిలో పడుకోబెట్టండి, హాలు కిటికీలు తెరిచి ఉంచండి. మీ ఇల్లు పాతది కాబట్టి ఇంకొక మాట కూడా అమ్మానాన్నలకు చదివి వినిపించండి. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు. ఇంత మోతాదైతే సీసం ప్రమాదం కాదని చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పాత రంగును పరీక్ష చేయించకుండా గీకించవద్దు. ఆ దుమ్ము నేల మీద పడుతుంది, కుక్క పాదాలకు అంటుతుంది, కుక్క పాదాలు నాకుతుంది. నేల మీద ఆడేది మీరు కూడా.

వాసన ఆగిపోయాక వాటిని హాల్లోకి వదిలినప్పుడు మీరు పక్కన కూర్చుని చూడండి. గోడ వెంబడి ముక్కు నేలకు రాస్తూ, ఒక్కోచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్తాయి. మనకు ఒక రంగు వేసిన గోడ ఉన్నచోట వాటికి ఎన్ని ఉన్నాయో! దాన్ని వివరించే మాటలు నా దగ్గర లేవు. చూసి మీరే నాకు రాయండి.

ఈలోపు చేయవలసిన పని ఒకటుంది. షేడు కార్డు మీది చిన్న ముక్కను నమ్మవద్దు, అదే రంగు గోడంతా పరుచుకుంటే ఇంకా గాఢంగా కనిపిస్తుంది. మీ ఇద్దరి చేతులూ చాచినంత వెడల్పు అట్టలు మూడు తీసుకుని, మూడు రంగులు రెండేసి పూతలు వేయండి. బాగా ఆరాక ఒక్కోదాన్నీ కుక్కలు ఆనుకునే మూలలో నిలబెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు వేశాక చూడండి. రెండు కుక్కలనూ దువ్వి, బ్రష్షులోంచి వచ్చిన వెంట్రుకల ముద్దను అట్ట మీద పెట్టి చూడండి. వాటి పాదాల నుంచి రాలిన ఎండు మట్టిని కూడా కాస్త రాసి, తడిగుడ్డతో తుడిచి చూడండి. కానీ ఆ తుడిచే పరీక్షకు తొందరపడకండి. నీళ్లతో కలిపే రంగు ఒకటి రెండు గంటల్లో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ, పూర్తిగా గట్టిపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. గోడ విషయంలోనూ అంతే, అన్నాళ్లూ దాన్ని రుద్దవద్దు.

అట్టల కింది అంచు నేలకు ఆనేలా పెట్టండి. చూసేటప్పుడు మీరూ నేల మీదే ఉండాలి.

ఇట్లు,
మీ తాతయ్య