లంగ్ కొలాప్స్, కీహోల్ ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఛాతీ సర్జన్‌గా పనిచేస్తున్న నా దగ్గరికి మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన తెలుగు కుర్రాళ్లు ఈ జబ్బుతో వస్తుంటారు. ఎక్కువమంది సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఉన్నట్టుండి ఛాతీలో ఒకవైపు పొడిచినట్టు నొప్పి, ఆయాసం. గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకుంటారు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి ముడుచుకుపోయి, చుట్టూ గాలి కనిపిస్తుంది. దీన్నే లంగ్ కొలాప్స్ అంటారు, మా భాషలో న్యూమోథొరాక్స్. అనంతపురం నుంచో కడప నుంచో రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలు అడిగేవి ఇవే.

అపోహ: జిమ్‌లో బరువులెత్తడం వల్లే వచ్చింది.

వాస్తవం: చాలామందికి ఊరికే కూర్చున్నప్పుడే వస్తుంది. సిగరెట్‌ను మాత్రం అనుమానించండి, అది ముప్పును బాగా పెంచుతుంది.

అపోహ: ఆపరేషన్ అంటే ఊపిరితిత్తి తీసేస్తారు. పిల్లాడు ఇక దేనికీ పనికిరాడు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే భయం ఇదే. దీనివల్ల ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేస్తారు. అరిగిన సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు, ఊపిరితిత్తి పైకొనలో చిన్న గాలిబుడగలు ఉంటాయి. అవి పగిలితేనే గాలి లీకవుతుంది. పక్కటెముకల మధ్య రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, ఆ బుడగలున్న కాస్త భాగాన్నే స్టేప్లర్‌తో కత్తిరించి మూసేస్తాం. కీహోల్ ఆపరేషన్ అంటే ఇదే. తర్వాత ఛాతీ గోడ లోపలి పొరను గరుకుగా రుద్దుతాం. దాంతో ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుంటుంది, మళ్లీ లీకైనా గాలి చేరడానికి చోటు దొరకదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలో ఊపిరి సామర్థ్యం దాదాపు మునుపటిలాగే ఉంటుంది.

అపోహ: గాలి తీయడానికి ఛాతీలోకి ట్యూబు వేస్తే తగ్గింది కదా, ఇక ఆపరేషన్ ఎందుకు?

వాస్తవం: మొదటిసారికి చాలావరకు ట్యూబు చాలు, కొందరికి అదీ అక్కర్లేదు. కానీ ట్యూబు గాలిని తీస్తుందే తప్ప బుడగల్ని ఏమీ చేయదు. సుమారు ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. అదే వైపు రెండోసారి వచ్చినా, రెండో వైపు వచ్చినా, ట్యూబు చివర పెట్టే నీళ్ల సీసాలో గాలి బుడగలు రావడం రోజుల తరబడి ఆగకపోయినా ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిందే.

అపోహ: చిన్న కోతలే కాబట్టి నొప్పే ఉండదు.

వాస్తవం: ఉంటుంది. పెద్ద కోతతో పోలిస్తే చాలా తక్కువ. కొన్ని వారాలు అక్కడ తిమ్మిరిగా అనిపించవచ్చు.

అపోహ: ఆపరేషన్ అయ్యాక ఇక జాగ్రత్తలు అక్కర్లేదు.

వాస్తవం: నూటికి కొద్దిమందికి మళ్లీ రావచ్చు. సిగరెట్ పూర్తిగా మానాలి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని తేలాక కనీసం 7 రోజులు విమానం ఎక్కొద్దు. స్కూబా డైవింగ్ ఆలోచన ఉంటే ముందు మీ సర్జన్‌ను అడగండి, చాలామందికి మేం వద్దనే చెబుతాం. ఎప్పుడైనా ఆయాసం నిమిషనిమిషానికీ పెరుగుతూ, కళ్లు తిరుగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.