అష్టాచెమ్మా ఆటలో అన్న మాట

చిన్నీ, బాబూ,

మీరు వెళ్ళి పది రోజులైంది. ఆ రోజే మీతో మాట్లాడాల్సింది, బస్సుకు టైమవుతోందని ఊరుకున్నాను. అప్పటినుంచీ మనసులో మెదులుతూనే ఉంది. ఇద్దరూ కలిసి చదవండి.

తమ్ముడు చింతపిక్కను తప్పు గడిలో పెట్టాడని, చిన్నీ, నువ్వు "ఇడియట్, మెంటలా నీకు?" అన్నావు. అన్నది తమ్ముణ్ణే. కానీ పక్కనే వీధి చివరింటి అక్క కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళొచ్చినా ఆమెకు లెక్క పదితో ఆగిపోతుంది. గవ్వలు వేశాక ఒక్కో గవ్వనూ వేలితో తాకి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటుంది. నీ మాట వినగానే చేతిలోని నాలుగు గవ్వలూ నా ఒళ్ళో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. చిన్నప్పటినుంచీ ఊళ్ళో ఆ మాటతో పిలిచింది ఆమెనే కదమ్మా!

నిన్ను కోప్పడాలని రాయడం లేదు. బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లో ఎక్కం తప్పు చెప్పిన పిల్లల్ని నేనూ "ఇడియట్" అన్నాను. ఒకప్పుడు అది మనుషుల మీద అధికారికంగా వేసిన ముద్ర అని రిటైరయ్యాక గానీ నాకు తెలియలేదు.

ఆ మాట గ్రీకు భాషలో పుట్టింది. ఊరి వ్యవహారాల జోలికి పోకుండా తన పనేదో తాను చూసుకునే మామూలు మనిషి అని అప్పటి అర్థం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో దాన్ని వైద్యంలో ఒక మెట్టుగా వాడారు. మనిషి పెద్దయినా బుద్ధి మూడేళ్ళలోపు పిల్లల స్థాయిలో ఉంటే ఇడియట్, మూడు నుంచి ఏడేళ్ళ స్థాయిలో ఉంటే ఇంబెసైల్, ఎనిమిది నుంచి పన్నెండు అయితే మోరాన్. ఈ మోరాన్ అన్న పేరు 1910లో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టాడు. ఆయన చేతిలో ఉన్న పరీక్షేమో పారిస్‌లో 1905లో బినె, సైమన్ తయారుచేసింది. బళ్ళో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి సాయం చేయాలన్నది వాళ్ళ ఉద్దేశం. అదే పరీక్ష సముద్రం దాటాక మనుషుల్ని వేరుచేసి పక్కన పెట్టడానికి పనికొచ్చింది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో క్యారీ బక్ అనే అమ్మాయి ఉండేది. తన మీద జరిగిన అఘాయిత్యం వల్ల పదిహేడేళ్ళకే ఆమెకు పాప పుట్టింది. పెంచుతున్నవాళ్ళు ఆమెకు బుద్ధి తక్కువని చెప్పి ఒక ఆశ్రమానికి పంపించేశారు. ఆమె తల్లిని అప్పటికే అక్కడ పెట్టారు. ఇక ఏడెనిమిది నెలల పసిపాప వంతు వచ్చింది. పాప వాలకం మామూలుగా లేదని, అదేమిటో మాత్రం చెప్పలేనని ఒకావిడ కోర్టులో సాక్ష్యం చెప్పింది. అంతే, ముగ్గురి మీదా ముద్ర పడింది. 1927లో అమెరికా సుప్రీం కోర్టు "మూడు తరాల ఇంబెసైళ్ళు చాలు" అని తీర్పులో రాసి, క్యారీకి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి అనుమతించింది. తొమ్మిదిమంది జడ్జీల్లో ఒక్కరే కాదన్నారు. ఆ పాప పేరు వివియన్. బళ్ళో చేరి, 1931లో బాగా చదివే పిల్లల జాబితాలోకెక్కింది. మరుసటేడు జబ్బుచేసి ఎనిమిదేళ్ళకే పోయింది. ఆ జాబితా సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ మూడు పేర్లూ వీధుల్లో తిట్లయిపోయాక డాక్టర్లు వాటిని వదిలేసి, కాస్త మర్యాదగా ఉంటుందని "రిటార్డెడ్" అన్నారు. నెమ్మదించిన అని దాని అర్థం. అదీ తిట్టయింది. 2010లో రోసా అనే చిన్నమ్మాయి పేరుతో చట్టం తెచ్చి, అమెరికా ప్రభుత్వం తన చట్టాల్లోంచి ఆ మాట తీసేసింది. మన దగ్గరా ఇంతే. మానసిక రోగుల గురించిన 1912 నాటి చట్టం ఇడియట్ అనే రాసింది, దాని స్థానంలో 1987లో కొత్త చట్టం వచ్చింది. వికలాంగుల కోసం తెచ్చిన 1995 చట్టంలోని రిటార్డేషన్ అన్న మాట 2016 చట్టంలో మేధో వైకల్యం అయింది. సికింద్రాబాద్‌లో 1984లో ఇలాంటి పిల్లల కోసం పెట్టిన జాతీయ సంస్థకు కూడా పేరు మార్చారు. పేర్లు మార్చడం మంచిదే. కానీ గిన్నె మాడిందని గిన్నె మార్చాం, కింద మంట అలాగే ఉంది. మెంటల్ అంటే మనసుకు సంబంధించినది అని మాత్రమే కదా, దాన్నీ తిట్టు చేశాం. జబ్బు నయం చేసే ఆసుపత్రి ఉందని ఎర్రగడ్డ అన్న పేటనే తిట్టు చేసుకున్నాం.

నిన్న సాయంత్రం అక్క మళ్ళీ వచ్చింది. అరుగు మీద సుద్దతో గీసిన గళ్ళు సగం చెరిగిపోయాయి. తన చింతపిక్క ఏ గడిలో ఉందో వేలితో చూపించింది. పండడానికి ఇంకా రెండు గళ్ళేనట, పాప ఎప్పుడొస్తుందని అడిగింది. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి చిన్నీ, ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను.

మీ తాతయ్య